ధర పెరిగిన భూమి, సత్తువ తగ్గిన భూమి: ఓరుగల్లు రైతులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

రైతువేదికలో కూర్చున్నా, పెండ్లిలో భోజనాల దగ్గర కలిసినా, ఎనుమాముల మార్కెట్‌లో కాంటా కోసం నిలబడ్డా నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఫోన్‌లో ఒక్కొక్కరికి చెప్పీ చెప్పీ గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నాను. మన దగ్గర భూమి రెండు తీర్ల పోతోంది. ఒకటి ఎకరాల లెక్కన: రోడ్లు, వెంచర్లు, పార్కులు. అది అందరికీ కనబడుతుంది, పేపర్‌లో కూడా వస్తుంది. రెండోది అంగుళాల లెక్కన: పట్టా మన పేరు మీదే ఉంటుంది, హద్దురాళ్లు కదలవు, లోపల సత్తువ మాత్రం దిగిపోతుంది. ఈ రెండోదాని గురించి అడిగేవాళ్లు తక్కువ, దాంతో నష్టపోయేవాళ్లు ఎక్కువ. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోయి చదువుకోండి.

## విత్తనం వేయకముందు

భూసార పరీక్ష చేయిస్తే నిజంగ ఏమన్న ఫాయిదా ఉంటదా? కాగితం ఇచ్చి పంపిస్తరు గంతే కదా?

మట్టి సరిగ్గా తీస్తే ఉంటుంది. ఎక్కువమంది గట్టు పక్కన ఒక పార మట్టి ఎత్తి సంచిలో వేసి పంపుతారు. ఆ ఫలితం గట్టుది, పొలానిది కాదు. ఎకరంలో వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసి, ఆరు అంగుళాల లోతు 'వి' ఆకారంలో గుంట కొట్టి, గుంట గోడ నుంచి పైనుంచి కిందికి సన్నని పొర తీయాలి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ పోతే చివరికి అరకిలో మిగులుతుంది. అది నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. పెంటకుప్ప ఉన్న చోట, చెట్టు కింద, ఎరువు చల్లిన కొత్తలో తీయొద్దు. చెల్క, మడి రెండూ ఉంటే రెండు సంచులు.

కాగితం వచ్చాక ముందు చూడాల్సింది సేంద్రియ కర్బనం. 0.5 శాతం కంటే తక్కువుంటే నేల బలహీనమైనట్టు, 0.75 దాటితే బాగున్నట్టు. తర్వాత పీహెచ్, లవణాల సూచిక, భాస్వరం. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను ఆ కాగితం పట్టుకొని అడిగితే విప్పి చెబుతారు. కాగితం లేకుండా పోయి "పంట పచ్చగ అయితాంది సార్" అంటే వాళ్లు మాత్రం ఏం చెబుతారు?

సేంద్రియ కర్బనం పెరగాలంటే ఒక్క ఏడు పెంట తోలితె సరిపోదా?

సరిపోదు, లెక్క చూడండి. ఎకరం భూమిలో పై ఆరు అంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. పెంటలో సగానికి పైగా నీళ్లూ మట్టే. ఉన్న కర్బనంలో కూడా చాలా భాగం మన ఎండలకు కుళ్లి గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఇది ఏటేటా చేసే పని. పశువులు తగ్గాయి, పెంట దొరకడం లేదంటే అదీ నిజమే. అందుకే వేసవిలో గొర్లమంద పెట్టించండి. మందకు ఇచ్చే డబ్బు దండుగ అనుకునేవాళ్లే ఆ సీజన్‌లో రెండు బస్తాలు అదనంగా కొంటారు.

చెరువు మట్టి తోలుకుంటె మంచిదేనా? ఎన్ని ట్రిప్పులు పోయాలె?

ఎర్ర చెల్కకు, దుబ్బకు మంచిది. నల్లరేగడికి అక్కర్లేదు, బంకనేలకు ఇంకా బంక కలిపినట్టవుతుంది. ఎకరమంతా ఒక్క అంగుళం మందం పరవాలంటే నూట మూడు ఘనపు మీటర్ల మట్టి కావాలి. మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాలీ అయితే 34 ట్రిప్పులు. అంత ఖర్చు పెట్టలేకపోతే సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువుల లెక్క తీశారు, ఆ పూడికలో చాలా మట్టి పొలాలకు చేరింది. దాంతో ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది. నల్లమట్టి అయిపోయాక కూడా తవ్వుతూ పోయి, అడుగున మొరం తేలేదాకా తీసి, అదీ చెరువు మట్టేనని అమ్ముతున్నారు. మొరం పొలంలో పోస్తే ఉన్న సత్తువ కూడా పలచనవుతుంది. చేతిలోకి తీసుకొని తడిపి ముద్ద చేయండి. ముద్ద కట్టి జిగటగా ఉంటేనే తోలించండి. పట్నం మురుగు కలిసే చెరువులైతే పరీక్ష చేయించకుండా తేవద్దు.

పచ్చిరొట్ట వేస్తె నెలన్నర ఖాళీ పోతది కదా?

పోదు. రోహిణి చివర, మృగశిరలో పడే మొదటి వానలకు జీలుగ చల్లితే 40–45 రోజులకు పూత మొదలవుతుంది. నాట్లు ఎలాగూ జులైలోనే కదా. పూత దశలో కలియదున్ని నీళ్లు పెడితే ఇంచుమించు ఒక బస్తా యూరియాకు సరిపడే నత్రజని నేలకు అందుతుంది. విత్తనం సబ్సిడీలో దొరకని ఏడు జనుము, పిల్లిపెసర, చివరికి పెసర అయినా పరవాలేదు. పెసరైతే రెండుసార్లు కాయ తెంపుకొని చెట్టు దున్నేయొచ్చు. మా అమ్మవాళ్ల కాలంలో ఇదే పద్ధతి, పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.

## పంట మీద ఉన్నప్పుడు

డీఏపీ వేస్తెనే పంట లేస్తది. తగ్గియ్యమంటరేంది?

డీఏపీ 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. నత్రజని పంట తాగుతుంది, లేదా నీళ్లలో, గాలిలో పోతుంది. భాస్వరం అట్లా పోదు. నేలను పట్టుకొని ఉంటుంది. ఇరవై ముప్పై ఏండ్లుగా ప్రతి పంటకూ వేసిన పొలాల్లో అది నిల్వ పడి ఉంది, బ్యాంకులో డబ్బు పెట్టుకొని బయట మిత్తికి తెచ్చుకున్నట్టు. పైగా భాస్వరం ఎక్కువైతే జింక్ పంటకు అందదు. వరి నాటిన మూడు నాలుగు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి పైరు గిడసబారేది అందుకే.

పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే సగం తగ్గించండి. భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువు రెండు కిలోలు, మాగిన పెంటలో కలిపి చల్లండి. జింక్ లోపం ఉన్న మడికి మూడు పంటలకు ఒకసారి ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ ఆఖరి దుక్కిలో వేయాలి. డీఏపీతో కలిపి మాత్రం వేయొద్దు, రెండూ బిగుసుకుపోతాయి.

వరి తర్వాత వరి, మళ్ళ వరి. ఇట్ల ఎన్నేండ్లు నడుస్తది?

బోరు నడిచినన్ని రోజులు, నేల జాలు పట్టనన్ని రోజులు. వరిని తప్పు పట్టను. కొనేవాడున్నది దానికే, మద్దతు ధరకు కాంటా అయ్యేదీ అదే. 2025–26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కందికీ పెసరకూ కాగితం మీద ధర ఉంటుంది కానీ వరికి ఉన్నట్టు ఊరూరా కొనుగోలు కేంద్రం ఉండదు. రైతు తెలివి తక్కువై వరి వేయడం లేదు.

కానీ నేల సంగతి వేరు. ఏడాదికి ఎనిమిది నెలలు నీళ్ల కింద నానిన నేలకు గాలి అందదు, ట్రాక్టర్ కేజ్‌వీల్ తొక్కి తొక్కి కింద గట్టిపొర పడుతుంది, తర్వాత ఆరుతడి పంట వేసినా వేరు దిగదు. అన్ని ఎకరాలూ మార్చమని చెప్పను. నాలుగెకరాలుంటే యాసంగిలో ఒక్కో ఎకరం చొప్పున వంతు వేసి పెసర, నువ్వు, మక్క, కూరగాయ ఏదో ఒకటి వేయండి. నాలుగేండ్లకు భూమంతా ఒకసారి ఊపిరి పీల్చుకుంటుంది.

కాలువ నీళ్లొస్తయి, ఉచిత కరెంటుంది. నీళ్లు తక్కువ వాడుమంటె ఎందుకు వాడాలె?

2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు వేలాడదీశాం. మనది గ్రానైట్ రాయి మీద కూర్చున్న నేల, కింద నీళ్లు పగుళ్లలో మాత్రమే ఉంటాయి. కోస్తా డెల్టాలో లాగా ఎంత తోడితే అంత ఊరదు. ఇక కాలువ మాట. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు, పూడిక వల్ల ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఎగువ పొలాల నుంచి కొట్టుకుపోయిన మట్టే అక్కడ కూర్చుంది. 2019లో మొదలైన కాళేశ్వరంలో 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి, అక్కడ నీళ్లెత్తడం ఆగింది. కాకతీయ కాలువ చివరి ఊళ్ల వాళ్లను అడగండి, నీళ్లు "వస్తయి" అనే మాట ఎంత దూరం పోతుందో చెబుతారు.

తడి–పొడి పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కకు కింది సగం బెజ్జాలు పెట్టి మడిలో పాతండి, సగం భూమిలోకి. నాటిన రెండు వారాల తర్వాత నుంచి పైపులో నీళ్లు నేల కింద ఆరు అంగుళాలకు దిగినప్పుడే మళ్లీ పెట్టండి. పొట్ట, పూత దశల్లో మాత్రం మడి ఆరనీయొద్దు. దిగుబడి తగ్గదు. మోటారు కాలడం మాత్రం తగ్గుతుంది, అది మా పక్క బావి ఆయన అనుభవం.

మడి అంచున తెల్లగ ఉప్పు లెక్క తేలుతాంది. సౌడా?

కావచ్చు. కాలువ కింద, మురుగు పోయే దారి లేని మడుల్లో నీళ్లు పైకి లాగుతూ లవణాలను తెస్తాయి. ముందు పరీక్ష. పీహెచ్ 8.5 దాటితే జిప్సం పనిచేస్తుంది, ఎంత అనేది కాగితం చెప్పాలి. పీహెచ్ మామూలుగా ఉండి లవణాలే ఎక్కువైతే జిప్సంతో లాభం లేదు, మంచినీళ్లు నిలగట్టి కిందికి దింపి బయటికి వదలాలి. రెండింటికీ మురుగు కాలువ ఉండాలి. అది మీ ఒక్కరి పొలంలో తీస్తే కాదు, కింది నలుగురు ఒప్పుకోవాలి. జిప్సం కొనడం సులువు, ఆ నలుగురిని ఒప్పించడమే కష్టం.

మల్చింగ్ షీటు పంటయినంక దున్నెయ్యొచ్చా?

వద్దు. ముక్కలై నేలలోనే ఉండిపోతుంది, వేరుకూ నీటికీ అడ్డం పడుతుంది. కూలి పెట్టి అయినా ఏరించండి.

## కోతల తర్వాత

మిషన్ కోసిన గడ్డి కాలబెట్టకపోతె దుక్కి ఎట్ల దున్నాలె?

ఈ ప్రశ్నకు ఉపన్యాసాలు చాలా విని ఉంటారు, నేను లెక్క ఒక్కటే చెబుతాను. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. ఎకరానికి రెండు టన్నులు పైనే వస్తుంది. కాలిస్తే నత్రజని మొత్తం పోతుంది. పొటాష్ బూడిదలో మిగిలినా గాలికి, మొదటి వానకు చాలావరకు పోతుంది. పై పొరలో ఉన్న పురుగూ పుట్రా, సూక్ష్మజీవులూ మాడిపోతాయి.

బేలర్ దొరికితే కట్టలు కట్టించి పాడి ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. దొరక్కపోతే గడ్డి సమంగా చెదరగొట్టి, ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తడి ఇచ్చి రోటవేటర్ కొట్టండి. రెండు మూడు వారాలు ఆగాలి. యాసంగి తర్వాత మీకు నెలన్నర టైముంది, అప్పుడు కాల్చడానికి కారణమే లేదు. వానాకాలం కోత అయ్యాక యాసంగి నాటుకు మధ్య టైము తక్కువ, అక్కడ ఇబ్బంది నిజమే. ఆ ఒక్కసారి బేలర్ ఖర్చు భరించడం మేలు.

ఇటుక బట్టీకి పైమట్టి అమ్మితె మూడేండ్లల్ల మళ్ళ మామూలయితదంటాండ్రు, నిజమేనా?

అబద్ధం. ఇంత గట్టిగా నేనింకే ప్రశ్నకూ చెప్పను. అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏండ్లు పడుతుంది. పంటకు అక్కరకొచ్చే సత్తువలో ఎక్కువ భాగం ఉండేది ఆ పై ఆరు అంగుళాల్లోనే. బట్టీవాళ్లు అడుగు, అడుగున్నర తీసుకుపోతారు. తర్వాత మీ పొలం పక్క పొలం కంటే గుంట అవుతుంది. వానకు నీళ్లు మీ దాంట్లో నిలుస్తాయి, పక్కవాడి గట్టు మీ వైపు జారుతుంది, ఇద్దరికీ పంచాయితీ. వచ్చిన డబ్బును ఎకరాకు మూడు పంటల నష్టంతో పోల్చి చూసుకోండి, చాలు. అమ్మకానికి మట్టి తీయాలంటే గనుల శాఖ అనుమతి కావాలన్న సంగతి కూడా కొనేవాళ్లు చెప్పరు.

వరదకు పొలంల ఇసుక మేట వేసింది. ఇగ ఆ భూమి పోయినట్టేనా?

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు మోరంచ, జంపన్న వాగుల పక్కన చాలామంది ఈ ప్రశ్నే అడిగారు. మేట మందం కొలవండి. మూడు అంగుళాల లోపయితే లోతు దుక్కి దున్ని కింది మట్టితో కలిపేయొచ్చు, తర్వాత పెంట, చెరువు మట్టి, పచ్చిరొట్ట. అంతకు మించితే జేసీబీతో తీయించక తప్పదు. తీసిన ఇసుకను అమ్మాలనుకుంటే అనుమతి తీసుకోండి, లేకపోతే బాధితుడి మీదే కేసు అవుతుంది. ఫొటోలు, సర్వే నంబర్ రాసి ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వడం మొదటి వారంలోనే జరగాలి.

## రోడ్డు, వెంచర్, ఫ్యాక్టరీ వచ్చినప్పుడు

ఎకరం అమ్మితె వచ్చే మిత్తే పంటకంటె ఎక్కువొస్తది. ఇంకెందుకు ఎవుసం?

దీనికి తప్పించుకునే జవాబు చెప్పను. పట్నానికి దగ్గర ఎకరం 50 లక్షలు పలికిందనుకోండి, ఆరు శాతం లెక్కన ఏడాదికి మూడు లక్షలు. అదే ఎకరంలో వరి 25 క్వింటాళ్లు పండితే మద్దతు ధర మీద 59 వేలు చిల్లర, అందులో ఖర్చులు పోవాలి. రెండు పంటలైనా మిత్తికి ఆమడ దూరమే. లెక్కలో మీరు చెప్పిందే నిజం.

నేను చెప్పేది వేరే. అమ్మాల్సి వస్తే ఏది అమ్మాలో ఆలోచించండి. మన దగ్గర జరుగుతున్నది తలకిందులు: చెరువు కింది రెండు పంటల మడి ముందు పోతోంది, ఎందుకంటే అది చదునుగా, ఊరి దగ్గర ఉంటుంది. గుట్ట పక్క మొరం చెల్క మిగులుతోంది. తాతలు ముందు నీళ్లున్న చోటు చూసి మడి కట్టారు, తర్వాతే ఇల్లు ఎక్కడని చూశారు. ఇల్లు ఎక్కడైనా లేస్తుంది. మడి అట్లా లేవదు.

నాలా చేయించి ఉంచుకుంటె పోయేదేముంది? ధర వస్తది కదా?

నాలా అంటే సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించడం. అట్లా మారిన క్షణం నుంచి దానికి రైతు భరోసా (రైతుకు ఎకరం లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం) రాదు. ఎకరానికి ఏడాదికి 12 వేల చొప్పున 2025 జనవరిలో మొదలైనప్పుడే వెంచర్లకు, నాలా అయిన భూములకు వర్తించదని చెప్పేశారు. పంట రుణం దొరకదు. మీకున్న భూమంతా మార్చేస్తే ఐదు లక్షల రైతు బీమా కూడా పోతుంది. కొనేవాడు ఖాయమయ్యాక చేయించేదాన్ని ముందే చేయించి, రెండేండ్లు బీడు పెట్టి, ముళ్లచెట్లు మొలిపించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

రెండు పంటలు పండే భూమి తీసుకోవద్దని చట్టం ఉన్నదంట. మరి రోడ్డుకెట్ల తీసుకుంటాండ్రు?

2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ ఆ మాట అంటుంది: నీటి వసతితో ఒకటికి మించి పంటలు పండే భూమిని తప్పనిసరైతేనే, ఆఖరి మార్గంగా తీసుకోవాలి, అంత విస్తీర్ణం బీడును సాగులోకి తేవాలి లేదా దాని విలువ జమ చేయాలి. కానీ అదే సెక్షన్ చివర రైలు మార్గాలు, హైవేలు, కాలువలు, కరెంటు లైన్ల వంటి బారు ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది. మంచిర్యాల–వరంగల్–ఖమ్మం గ్రీన్‌ఫీల్డ్ హైవే మడుల మధ్య నుంచి పోయింది అందుకే. దానికి తోడు రాష్ట్రం 2017లో సొంత సవరణలు చేసుకుంది.

అభ్యంతరానికి గడువు చూసుకోండి. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజులు, జాతీయ రహదారుల చట్టం కింద 21 రోజులే. మిగిలిన భూమి రెండు ముక్కలైతే ఆ నష్టానికి కూడా పరిహారం అడగొచ్చు. బోరు, పైపులైను, చెట్లు విడివిడిగా రాయించండి. అటువైపు పొలానికి బండ్లబాట, నీళ్ల దారి కోసం అండర్‌పాస్ ఇప్పుడే అడగాలి, రోడ్డు పడ్డాక ఎవరూ వినరు.

ఒక్కొక్కరం అడిగితె వింటరా?

కలిసి అడిగితే వింటారు. 2022లో వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు పేరుతో 27 ఊళ్లలో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు కలిపి తీసుకొని, ప్లాట్లు చేసి కొంత తిరిగి ఇవ్వడం) ప్రతిపాదన వచ్చింది. రైతులు ఊరూరా కలిసి నిలబడితే ఆ మేలోనే వెనక్కి తీసుకున్నారు.

వెంచర్‌వాళ్లు కట్టుకాలువ పూడ్చిండ్రు. మా కింది మడికి నీళ్లు బందయినయి.

కాకతీయులు పాఖాల, రామప్ప, లక్నవరం ఒక్కటే కట్టి ఊరుకోలేదు, పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేట్టు గొలుసు కట్టారు. గొలుసులో ఒక్క కడియం తెగితే కింద ఎన్ని ఊళ్లో లెక్క. ముందు తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్ష నకలు తీసుకోండి, అందులో కాలువ గీత ఉంటుంది. దాంతో తహసీల్దార్‌కూ నీటిపారుదల శాఖ ఏఈకీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. చెరువు పక్క కట్టడమైతే, పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. వానాకాలంలో ఫొటో తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో పోతే "ఇక్కడ చెరువెక్కడుంది?" అంటారు.

ఫ్యాక్టరీ నీళ్లు వాగుల కలుస్తున్నయని అనుమానం. ఎవరికి చెప్పాలె?

కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. నీళ్లు వదిలేది ఎక్కువగా రాత్రిళ్లు, వాన పడేటప్పుడు. తేదీ, టైము రాసుకోండి, బోరు నీళ్ల లవణాల సూచికను ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించి కాగితాలు దాచుకోండి. ముందు ఎట్లుండేదో రుజువు లేకపోతే తర్వాత చెడిందని ఎట్ల చూపిస్తారు?

## కౌలు, వారసులు

కౌలు భూమికి పెంట తోలి నేనెందుకు ఆగం కావాలె? వచ్చే ఏడు ఇంకొకరికిస్తడు.

మీ మాట న్యాయమే. నా లెక్కలో మన జిల్లాల్లో నేల ఇట్లా దిగడానికి పెద్ద కారణం ఏడాది కౌలు. పట్టాదారు హైదరాబాద్‌లో, చేసేవాడు ఊళ్లో, రేపటి పూచీ ఎవరిదీ కాదు. మాట మీద కాకుండా మూడేండ్లకు ఒప్పుకోండి. చెరువు మట్టి, పెంట ఖర్చు పట్టాదారు పెట్టుకోవాలి లేదా కౌలులో తగ్గించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే రుణ అర్హత కార్డు అడగండి. దాంతో పట్టాదారు హక్కు పోదు, ఆయనకు ఆ భయం తీర్చడం మీ పని. మా పక్క ఊళ్లో ఒకాయన పట్టాదారుకు భూసార కాగితం ఫోన్‌లో పంపాడు: కర్బనం 0.38. మూడేండ్ల తర్వాత 0.46 వచ్చింది, అదీ పంపాడు. కౌలు పెంచలేదు, మనిషినీ మార్చలేదు.

మా పిల్లలు చేయరు. ఆయిల్ పామ్ పెట్టి వదిలేస్తె అయిపోతది కదా?

వదిలేస్తే కాదు. ఎకరానికి 57 మొక్కలు, నాలుగో ఏడు నుంచి గెలలు, పాతికేండ్ల పైన కాపు. కానీ ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్ల పైన నీళ్లు కావాలి, బోరు రెండించులు కూడా పోయకపోతే పెట్టొద్దు. పెట్టినవాళ్లు కొట్టిన మట్టలను కాల్చకుండా వరసల మధ్య పరవండి.